స్పేర్‌లో పోయే డ్రైవరుకు బెర్తు ఎందుకు

రైలు డ్రైవరుగా పనిచేశానని తెలిస్తే చాలు, అందరూ ఇంజను గురించే అడుగుతారు. ఎంత వేగం పోతుంది, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, పట్టాల మీదికి ఎవరైనా వస్తే ఏం చేస్తారు, ఇవే ప్రశ్నలు. ఈ మధ్య ధర్మవరంలో మా వీధిలోకి అద్దెకు వచ్చిన ఒక జంట, ఇద్దరూ కొత్తగా చేరిన అసిస్టెంట్ లోకో పైలట్లు, అంటే సహాయ డ్రైవర్లు, వాళ్లూ అదే అడిగారు. నేను ఇంజను సంగతి ఎత్తలేదు. రైలు నడపని రోజున రైల్లో ఎలా కూర్చోవాలో ముందు నేర్చుకోండి అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిటైరైన ముసలాయనకు చాదస్తం మొదలైందని అనుకొని ఉంటారు. పోనీ, అనుకోనీ. నేను చెప్పాలనుకున్నది నిలబడి టీ తాగుతూ చెప్పే మాట కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ పతకం ఎవరు ఇచ్చారు అనేవి ఇందులో ఉండవు. అవి చదివి ఎవరూ బాగుపడరు.

స్పేర్ అంటే

హిందూపురం స్టేషనులో ఒక గూడ్సు బండి ఆగి ఉందనుకోండి. దాని డ్రైవరు పని గంటలు అయిపోయాయి, ఇక నడపకూడదు. ధర్మవరం నుంచి ఇంకో డ్రైవరును, అసిస్టెంటును పంపాలి. వాళ్లు అటు పోయే ఏదో ఒక ఎక్స్‌ప్రెస్సులో మామూలు ప్రయాణికుల్లాగా ఎక్కి పోతారు. దాన్ని మేము స్పేర్‌లో పోవడం అంటాం. డ్యూటీలో ఉన్నట్టే, కానీ చేతిలో పని ఉండదు. టికెట్టు ఉండదు, పాసు ఉంటుంది.

పాసు మీద క్లాసు ఉంటుంది. అది మన హోదాను బట్టి మారుతుంది. పెద్దవాళ్లకు ఏసీ, చిన్నవాళ్లకు మామూలు పెట్టె. అయితే పాసు మీద రాసింది వేరు, బండిలో దొరికేది వేరు. గంట ముందు కబురు పెట్టి పొమ్మంటే రిజర్వేషను ఎక్కడినుంచి వస్తుంది? బెర్తు ఖాళీ ఉంటే టీటీఈ ఇస్తాడు. టీటీఈ మంచివాడైతే, ఆ రోజు బండి పలచగా ఉంటే, జనరల్ పెట్టెలో పోవాల్సినవాడిని స్లీపరులోకి పిలుస్తాడు, స్లీపరు వాడిని ఏసీలోకి పంపుతాడు. కాకపోతే తలుపు దగ్గర, మరుగుదొడ్డి పక్కన నిలబడటమే. జీవితమంతా బండ్లు నడిపిన మనిషి ఆ వాసనలో ఒంటికాలి మీద నిలబడి వచ్చి, దిగీ దిగగానే వేల టన్నుల బండి ఎక్కడం నేను చాలాసార్లు చూశాను.

ఇందులో ఆడపిల్లల కష్టం ఇంకో రకం. కిక్కిరిసిన జనరల్ పెట్టెలో అసిస్టెంటుగా పోయే ఒంటరి అమ్మాయి ఎక్కడ కూర్చోవాలన్నది మా రూల్సు రాసినవాళ్లకు తట్టలేదు. ఆ రూల్సు రాసిన కాలంలో ఆడవాళ్లు ఇంజను ఎక్కుతారని కూడా వాళ్లకు తట్టి ఉండదు.

మునిరత్నం గారి తువ్వాలు

నేను పెనుకొండలో ఒక దర్జీ కొడుకును. అసిస్టెంటుగా చేరినప్పుడు నాకు పాసు అంటే గొప్ప. ఊరికే బండెక్కి పోవచ్చు కదా అని. ఆ గొప్ప దించినాయన మా మునిరత్నం గారు. ఆయన అప్పటి సీనియరు డ్రైవరు, నేను ఆయన కింద పనిచేశాను.

స్పేర్‌లో పోయేటప్పుడు ఆయన చేసేది చూస్తే ఎవరికైనా ఒళ్లు మండేది. బెర్తు దొరికిందంటే తువ్వాలు పరిచి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. పక్కన ముసలివాళ్లు నిలబడినా, చంటిబిడ్డ ఏడ్చినా తిరిగి చూసేవాడు కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి ఆయన్ని తట్టి, కాస్త జరగమని అడిగాడు. మునిరత్నం గారు కళ్లు తెరవకుండానే జరగనన్నాడు. పెట్టె పెట్టెంతా ఆయన్ని తిట్టింది. నేను సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

దిగాక ఉండబట్టలేక అడిగాను. ఆయన తువ్వాలు మడుచుకుంటూ, "నాకు సిగ్గు లేదనుకుంటాండావా? ఉండాది. కానీ రొంతసేపటికి నా ఎనక కట్టే బండికి నా సిగ్గు పనికిరాదప్పా. నా కండ్లు కావాల దానికి" అన్నాడు.

ఆయన అంత మంచి బాసు కాదు. కోపిష్టి, అసిస్టెంట్ల చేత బూట్లు కూడా మోయించాడు. అందులో ఆయన్ని అనుసరించొద్దు. కానీ పడుకోవడంలో మాత్రం ఆయనే నాకు గురువు. నా తోటివాళ్లలో చాలామందికి ఆ చదువు అబ్బలేదు. వాళ్లు మంచివాళ్లు, మొహమాటస్తులు. ఓబులేసు అటువంటివాడే.

ధర్మవరం ప్లాట్‌ఫారం మీద

నేను రిటైరు కావడానికి కొంతకాలం ముందు జరిగింది ఇది. అప్పటికి నేను చీఫ్ లోకో ఇన్‌స్పెక్టరును. డ్రైవర్ల పక్కన కూర్చొని వాళ్లు ఎలా నడుపుతున్నారో చూడటం, తప్పులు దిద్దటం, అవసరమైతే పైకి రాయటం నా పని. డ్రైవరుగా నా అర్హత పోకుండా అప్పుడప్పుడు బండి కూడా నడుపుతుండేవాణ్ణి.

ఎండాకాలం మధ్యాహ్నం. గుంతకల్లు నుంచి ఏసీ పెట్టెలో నా బెర్తు మీద హాయిగా నిద్రపోతూ వచ్చాను. ధర్మవరంలో టీ కోసం దిగితే ఓబులేసు కనిపించాడు, భుజాన సంచితో, పక్కన అసిస్టెంటు సరితతో.

ఓబులేసుది ఆమడగూరు. నేనూ అతనూ దాదాపు ఒకేసారి చేరాం. నాకు రాతపరీక్షలు కలిసొచ్చి ఇన్‌స్పెక్టరునయ్యాను, అతను గూడ్సు బండ్లతోనే ఉండిపోయాడు. ఒక్క మచ్చ లేని సర్వీసు. ఇంకో ఏడాదిలోపు రిటైరవుతాడు. సరితది చెన్నేకొత్తపల్లి, గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. చేరి ఎక్కువ కాలం కాలేదు. ఆమెకు సిగ్నళ్లు చూడటం నేర్పింది ఓబులేసే.

"యాడికబ్బా?" అన్నాను.

"హిందూపురానికి. ఆడ గూడ్సు నిలబడిపోయి ఉండాదంట. స్పేర్‌లో పోతాండాం."

అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాట చివర సాగుతోంది. "నిద్దర పోలేదా?" అని అడిగాను.

"పండుకున్యా లేప్పా. రన్నింగ్ రూములో కరెంటు వస్తాది, పోతాది. ఫ్యాను తిరిగితే కదా కన్ను మూతపడేది. రెస్టయితే అయింది."

రన్నింగ్ రూమంటే మేము బండి దిగాక పడుకునే గదులు. గదిలో గడిపిన గంటలన్నీ లెక్కలో విశ్రాంతే, మనిషి నిద్రపోయినా, పోకపోయినా. డ్యూటీ ఎక్కేటప్పుడు గొట్టంలో గాలి ఊదిస్తారు. తాగి వచ్చాడో లేదో అది చెబుతుంది. నిద్రపోయి వచ్చాడో లేదో చెప్పే గొట్టం ఇంకా రాలేదు. ఓబులేసు గాలి ఊది, సంతకం పెట్టి వచ్చాడు. రూలు ప్రకారం అతనికి ఏ లోటూ లేదు.

నేను టీటీఈని పట్టుకున్నాను. బండి నిండుగా ఉంది. అయినా నా మాట కాదనలేక స్లీపరులో ఒక కింది బెర్తు, సరితకు ఒక పక్క సీటు ఇచ్చాడు. ఓబులేసును ఆ బెర్తు దాకా నేనే తీసుకుపోయాను.

"పండుకో. పెనుకొండ వచ్చినా లేయొద్దు. హిందూపురంలో నేనొచ్చి లేపుతా."

"సరే లేప్పా, చంటిబిడ్డకు చెప్పినట్ల చెప్తాండావు" అని నవ్వాడు. నేను నా ఏసీ పెట్టెకు పోయాను.

బెర్తు మీద అవ్వ

పెనుకొండ ఇంకా రాకముందే నాకు మనసు ఆగలేదు. లేచి స్లీపరులోకి నడిచాను. ఆ బెర్తు మీద ఒక అవ్వ పడుకొని ఉంది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని, కళ్లు మూసుకొని. ఆమె కాళ్ల దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. ఓబులేసు లేడు.

సరిత లేచి వచ్చి చెప్పింది. "ఆయమ్మకు ఆపరేషను అయిండాదంట సార్, జనరల్లో ఊపిరాడక ఈడికి తెచ్చిండారు. మా సార్ పండుకుని ఉంటే ఆయమ్మ కొడుకు గొడవ పెట్టుకున్యాడు. ఫ్రీ పాసోళ్లు నిద్దర పోతాండారు, రోగిష్టోళ్లు నిలబడాల్నా అని వీడియో తీస్తానన్యాడు. మా సార్ వెంటనే లేసి ఇచ్చేసినాడు."

కొడుకు నా వైపు తిరిగాడు. రొళ్ల దగ్గర ఏదో పల్లె అతనిది. చెడ్డవాడేమీ కాదు, భయంలో ఉన్నాడు.

"తప్పేముండాది సార్? ఆయప్పది సర్కారు ఉద్యోగం. దుడ్లు కట్టేపని లేదు. మా అమ్మకు కుట్లేసిండారు. అరగంట నిలబడితే ఆయప్పకేమవుతాది?"

నిజంగా అతను అడిగింది న్యాయమే. అతనికి తెలిసినంతలో న్యాయమే. ఆ అరగంట తర్వాత ఆ మనిషి ఏం చేయబోతున్నాడో అతనికి ఎవరు చెప్పారు? మేమెప్పుడూ చెప్పం. చెప్పుకోవడం మాకు నామోషీ. ఆ నామోషీకి జనం పెట్టిన పేరే ఉచిత ప్రయాణం.

టీటీఈని అడిగితే ఖాళీ లేదన్నాడు. అవ్వను నా ఏసీ బెర్తుకు మార్చి ఓబులేసును మళ్లీ ఇక్కడ పడుకోబెడదామా అనుకున్నాను. ఆమె మొహం చూసి ఆ ఆలోచన మానుకున్నాను. కుట్లున్న మనిషిని ఊగే బండిలో అన్ని పెట్టెలు దాటించడం కుదిరే పని కాదు.

ఓబులేసు తలుపు దగ్గర ఉన్నాడు, లోపలివైపు కమ్మీ పట్టుకొని, తల గోడకు ఆనించి.

"నా బెర్తు ఖాళీగా ఉండాది. పో, ఆడ పండుకో" అన్నాను.

"నీది ఏసీ పాసబ్బా. నాది కాదు. ఇంకోడు ఇంకో వీడియో తీస్తానంటాడు. గాలి బాగుండాది, నన్ను ఈన్నే ఉండనీ."

"నేను మాట్లాడతా టీటీఈతో."

"వద్దంటాండా కదా."

ఆ గొంతులో పంతం విన్నాక ఇక బలవంతం చేయలేదు. నేనూ అక్కడే నిలబడ్డాను. సరిత కూడా వచ్చి నిలబడింది. సీటు ఉన్న ఇద్దరమూ సీటు వదులుకొని, సీటు అవసరమైనవాడి పక్కన నిలబడ్డాం. దానివల్ల అతనికి ఒరిగిందేమీ లేదు.

రెండు పసుపు దీపాలు

మా డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. ఇంజనులో ఉన్నప్పుడు ముందు సిగ్నలు కనిపించగానే చెయ్యి చాపి, దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తేనే అది సిగ్నలు. చేరిన రోజు నుంచి ఇది నోటికి పట్టేస్తుంది. తర్వాత ప్రయాణికుడిగా పోతున్నా, వంపులో తలుపు దగ్గర నిలబడితే ఇంజనూ దాని ముందున్న సిగ్నలూ కనిపిస్తే, చెయ్యి దానంతట అదే లేస్తుంది. పెళ్లాం పిల్లల ముందు నవ్వులపాలైన డ్రైవర్లు ఎంతోమంది.

పెనుకొండలో ఆగి బయలుదేరాం. ఓబులేసు చెయ్యి చాపి "గ్రీన్" అన్నాడు. గ్రీనే. పక్కనున్నవాళ్లు చూసి నవ్వుకున్నారు. ఇంకో వంపు. మళ్లీ "గ్రీన్" అన్నాడు. మళ్లీ గ్రీనే. నా మనసు కొంచెం కుదుటపడింది.

తర్వాత ఒక చిన్న స్టేషను వస్తుంది. మా ఎక్స్‌ప్రెస్సు అక్కడ ఆగదు. ఆ స్టేషనుకు ముందు పట్టాలు గుట్టను చుట్టి పెద్ద వంపు తిరుగుతాయి. ఆ వంపులో ఇంజను కనిపించింది, దాని ముందు సిగ్నలు కనిపించింది. అందులో రెండు పసుపు దీపాలు వెలుగుతున్నాయి. ముందు ఆగాల్సి రావచ్చు, వేగం తగ్గించుకో అని దాని అర్థం.

ఓబులేసు చెయ్యి చాపాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ సిగ్నలు వైపే చూస్తున్నాయి.

"గ్రీన్" అన్నాడు.

నేను సరిత వైపు చూశాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తోంది.  బండి వేగం తగ్గడం మొదలైంది. మా ఇంజనులో ఉన్న డ్రైవరు పసుపునే చూశాడు కాబట్టి బ్రేకు వేస్తున్నాడు.

ఓబులేసు చిరాకుగా తల తిప్పాడు. "ఏమబ్బా ఇది. గ్రీనిస్తే యాల బ్రేకేస్తాండాడు వాడు? కొత్తోడేమో."

 అతను అబద్ధం చెప్పలేదు. నిజంగా గ్రీన్ చూశానని నమ్ముతున్నాడు. ఆ చోట, ఆ ఎక్స్‌ప్రెస్సుకు ఏళ్ల తరబడి గ్రీనే ఇచ్చారు. అలసిన మనిషి కన్ను చూడటం మానేస్తే, జ్ఞాపకం ఆ పనిలోకి వస్తుంది. తల వాలి గురక పెట్టేవాడిని అసిస్టెంటు తట్టి లేపొచ్చు. కళ్లు తెరిచి, చెయ్యి చాపి, గట్టిగా రంగు చెప్పే మనిషి నిద్రలో ఉన్నాడని ఎవరు కనిపెడతారు? కొత్తగా చేరే మీరు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే నాకు చాలు.

ఎవరు చెప్పాలి

బండి ఆ చిన్న స్టేషను బయట నిలిచింది. హిందూపురంలో ఆ గూడ్సు ఒక లైను ఆక్రమించుకొని ఉండటంతో వెనక బండ్లన్నీ ఆగుతున్నాయి. నా ఫోను మోగింది. బండ్లకు డ్రైవర్లను కుదిర్చే కంట్రోలరు.

"బాషా గారూ, ఓబులేసు మీ బండిలోనే ఉన్నాడా? దిగగానే గూడ్సు ఎక్కించేయండి. పైనుంచి చంపుతున్నారు."

దిగాక చెబుతానన్నాను. దిగాక చెప్పేదేముంది, ఎక్కుతాడు కదా అన్నాడు. ఫోను పెట్టేశాను.

నేను ఇన్‌స్పెక్టరును. ఈ మనిషి ఇవాళ పనికిరాడు అని ఒక్క ముక్క రాస్తే గూడ్సు దగ్గరికి కూడా పోనివ్వరు. కానీ అలా రాస్తే విచారణ వస్తుంది. డబల్ ఎల్లోను గ్రీన్ అన్నాడని నేను రాసిన మాట డాక్టర్ల దగ్గరికి పోతుంది, చూపు పరీక్షలు, బుద్ధి పరీక్షలు అంటారు. రిటైరయ్యే ముందు అతన్ని ఇంజను దించి ఏదో ఆఫీసులో స్టూలు మీద కూర్చోబెడతారు. ఒక్క మచ్చ లేని మనిషి ఆ మచ్చతో ఇంటికి పోతాడు. అదే అతనే స్వయంగా, నాకు ఒంట్లో బాగాలేదు, ఈ ట్రిప్పు చేయలేను అంటే, డాక్టరు చూసి రెండు మాత్రలిచ్చి పడుకోమంటాడు. అంతటితో పోతుంది. ఒకే నిజాన్ని ఎవరు చెబుతారు అన్నదాన్ని బట్టి అతని బతుకు ఉంది.

"ఓబులేసూ, నేను పోలేనని నువ్వే చెప్పు కంట్రోలుకు" అన్నాను.

"యాల? నాకేమయింది?"

"ఆ సిగ్నలు డబల్ ఎల్లో."

అతను నా మొహంలోకి చూశాడు. నేను వేళాకోళం చేస్తున్నానేమో అని వెతుకుతున్నట్టున్నాడు. "గ్రీన్ నేను కండ్లారా చూసినా" అన్నాడు.

"బండి యాల నిలబడిందబ్బా మరి?"

"ముందు ఇంకేదో అయిండొచ్చు. ఇన్నేండ్లలో బండి ఎక్కనని ఒక్క తూరి అన్యానా నేను? ఇప్పుడు పోయేటప్పుడు అంటానా? నువ్వు ఆపీసరువయినావు, నీకు కావాలంటే రాసుకో పో."

ఆ మాటకు నాకు కోపం ముంచుకొచ్చింది. రాస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. నేను రాయలేనని కూడా తెలుసు. మా స్నేహాన్ని అడ్డం పెట్టుకొని నన్ను కట్టేస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు కావాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటే. మీతోపాటు అసిస్టెంటుగా పనిచేసినవాడి మీద మీకు అధికారం ఉండదు, పుస్తకాల్లో మాత్రమే ఉంటుంది.

బండి కదిలింది. 

హిందూపురంలో

అవ్వను ఆమె కొడుకు, ఇంకో ఇద్దరు మెల్లగా దించారు. కొడుకు ఓబులేసు దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. ఓబులేసు అతని భుజం తట్టి, ఎండలో నడిపించొద్దు, ఆటో పిలువు అని చెప్పాడు. అంత మంచి మనిషిని ఆ క్షణంలో తిట్టుకున్నాను నేను.

గూడ్సు పక్క లైనులో నిలబడి ఉంది, మా ప్లాట్‌ఫారానికే రెండో వైపున. దాని పాత డ్రైవరు కిందికి దిగి తాళాలు పట్టుకొని ఎదురుచూస్తున్నాడు. స్టేషన్ మాస్టరు బయటికి వచ్చి మమ్మల్ని తొందరపెట్టాడు. నా ఫోను మళ్లీ మోగుతోంది. ఓబులేసు సంచి సర్దుకొని ఇంజను వైపు నడిచాడు.

జేబులోంచి పెన్ను తీశాను. రాయక తప్పదని అనిపించింది. చెయ్యి రాలేదు.

అప్పుడు సరిత అతని ముందుకు పోయి నిలబడింది.

"సార్, నేను ఈ పొద్దు మీ పక్కన ఎక్కను."

ఓబులేసు ఆగాడు. "ఏమి పాపా?"

"నేనూ సూసినా సార్. రెండు పసుపులు. మీరు గ్రీన్ అన్యారు."  ఆ పిల్ల పక్కకు తప్పుకోలేదు. "మీరే చెప్పిండారు కదా సార్, డ్రైవరు మాట, నా మాట కలవకపోతే బండి నిలిపెయ్యమని. కలవలేదు. నేను ఎక్కను."

 నేను చెబితే నాతో వాదించాడు. ఈ పిల్లతో వాదించలేదు, ఎందుకంటే ఆమె కళ్లను తయారుచేసింది అతనే. మొహం నల్లబడింది. అవమానం పడ్డాడు, నేను చూశాను. ఆమె కూడా చూసింది.

"నిజంగా పసుపేనా?" అని అడిగాడు, మెల్లగా, ఆమెను ఒక్కదాన్నే.

"పసుపే సార్."

అతను సంచి కింద పెట్టాడు. నా చేతిలో మోగుతున్న ఫోను తీసుకొని, "ఓబులేసును మాట్లాడతాండా. నాకు ఒళ్లు బాగలేదు. ఈ బండి పట్టుకోలేను" అని కంట్రోలరుకు చెప్పాడు. అవతలినుంచి అరుపులు నాకు వినిపించాయి. అతను వాటిని వినకుండా ఫోను నాకు ఇచ్చేశాడు.

ఇంకో డ్రైవరు రావాలంటే చాలా ఆలస్యం. నేను నిద్రపోయి వచ్చినవాణ్ణి, ఏసీ పెట్టెలో, మెత్తటి బెర్తు మీద, అవ్వలకు కనిపించనంత దూరంలో. గూడ్సు నేను తీసుకుంటానని చెప్పాను. కంట్రోలరు ఊపిరి పీల్చుకున్నాడు. పాత డ్రైవరు దగ్గర తాళాలు తీసుకున్నాను.

"నేను ఈన్నే కూచ్చుంటా. రొంతసేపటికి తేరుకుంటా. అంతలోకి నేనే అవసరమయితే పిలువు" అన్నాడు ఓబులేసు. ఇంకా ఒప్పుకోలేదు లోపల. గూడ్సు ఇంజనుకు ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు, వీపు నిటారుగా పెట్టి, మమ్మల్నే చూస్తూ.

ఇంజను సరిచూసుకొని, బ్రేకులు పరీక్షించి, వెనక గార్డుతో మాట్లాడేసరికి కొంతసేపు పట్టింది. సరిత నా పక్క సీట్లో కూర్చుంది. కిటికీలోంచి చూస్తే ఓబులేసు బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. సంచి జారి కింద పడింది. స్టేషన్ మాస్టరు అతని దగ్గర నిలబడి, లేపమంటారా అని నాకు సైగ చేశాడు. వద్దని చెయ్యి ఊపాను.

సిగ్నలు పడింది. సరిత చెయ్యి చాపి "గ్రీన్" అంది. నేనూ చెయ్యి చాపి "గ్రీన్" అన్నాను.

బయలుదేరే ముందు హారను కొట్టాలి. గూడ్సు ఇంజను హారను ఎలాంటిదో స్టేషన్ల దగ్గర ఇళ్లున్నవాళ్లకు తెలుసు. గట్టిగా, పొడుగ్గా కొట్టాను. ప్లాట్‌ఫారం మీద పిల్లలు చెవులు మూసుకున్నారు. కుక్క ఒకటి లేచి పరుగెత్తింది. ఇంజను సరిగ్గా ఆ బెంచీ పక్కకు వచ్చినప్పుడు ఇంకోసారి కొట్టాను. అది రూలులో లేదు, అతను ఎంత నిద్రలో ఉన్నాడో నాకు తెలుసుకోవాలనిపించింది.

ఓబులేసు కదల్లేదు. నోరు కొంచెం తెరుచుకొని ఉంది, గురకకు ఛాతీ లేచి పడుతోంది. ఒక చెయ్యి బెంచీ మీదినుంచి వేలాడుతోంది.

అప్పటిదాకా నాకు ఉన్నది కోపం. ఈ సీట్లో అతనే కూర్చొని ఉంటే అని అప్పుడు భయం వేసింది. సరిత అటు చూడలేదు. ముందు పట్టాల మీదే కళ్లు పెట్టి, తర్వాతి సిగ్నలు కోసం వెతుకుతోంది.